గీత పడ్డ చోట హైలెస్సా

ఆ రోజుల్లో మా పేటలో ఎవరినైనా పిలవాలంటే ఫోను అక్కర్లేదు, గొంతుంటే సరిపోయేది. మా అమ్మ గుమ్మంలో నిలబడి నన్ను అన్నానికి పిలిస్తే, ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళంతా తలలెత్తి చూసేవారు. కొందరు చేతులు కడుక్కుని వచ్చేసేవారు కూడా. అలాంటి తల్లి కడుపున పుట్టినవాడికి గొంతు రాక ఎక్కడికి పోతుంది? నేను పుట్టగానే ఏడ్చిన ఏడుపుకి మంత్రసాని అదిరిపడి చేతిలో గిన్నె జారవిడిచిందని మా అమ్మ బతికున్నంత కాలం గొప్పగా చెప్పుకుంది. (ఆ గిన్నె సొట్టని సాక్ష్యంగా చూపించేది. అదే గిన్నెకి ఇంకో రెండు సొట్టలు ఎలా పడ్డాయో మాత్రం మా నాన్న చెప్పేవాడు.) దేవుడు నాకు చదువు ఇవ్వలేదు, ఒడ్డూ పొడుగూ ఇవ్వలేదు, గొంతు మాత్రం ముగ్గురికి సరిపడా ఇచ్చాడు. ఆ గొంతు పట్టుకుని, కొంతకాలం నేను విశాఖపట్నంలో ఒపేరా గాయకుణ్ణని నమ్మి తిరిగాను. నవ్వకండి, అసలు కథ వినండి.

అప్పట్లో నేను మా పెద్దమావ దగ్గర అలివి వల మీద పనిచేసేవాణ్ణి. ఆ వలని పడవలో తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా దింపి వస్తారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి చేరాక ఇటు కొందరూ అటు కొందరూ ఇసకలో మడమలు దిగేసి లాగాలి. ఒకడు పాట ఎత్తుకుంటాడు. వాడు ఆగగానే మిగతావాళ్ళంతా 'హైలెస్సా' అని అందుకుంటారు. ఆ అందుకున్నప్పుడే తాడు లాగాలి, వాడు పాడుతున్నప్పుడు ఊపిరి తీసుకోవాలి. మా జట్టులో పాట ఎత్తేవాణ్ణి నేనే. పాట ఎత్తేవాడు తాడు ముట్టుకోనక్కర్లేదు కాబట్టి సంగీతం మీద నాకు చిన్నప్పటి నుంచీ అపారమైన ప్రేమ. పాటకి పెద్ద సాహిత్యమేమీ ఉండదు. నిన్న ఎవరింట్లో పులుసు మాడింది, ఎవడు అత్తారింటికి వెళ్ళి మూడోరోజుకే తిరిగొచ్చాడు, ఇలాంటి ఊరి సంగతులే. ఎవడి మీద పాడితే వాడు కోపంతో ఇంకాస్త గట్టిగా లాగేవాడు. అందుకని మా మావ ముందే చెవిలో చెప్పేవాడు, ఇవాళ ఫలానావాడు బద్ధకంగా ఉన్నాడు, వాడి పులుసు ఎత్తుకో అని.

ఒక ఉదయం అలా లాగుతుంటే, తెల్ల చొక్కా, నల్ల బూట్లు, చంకలో గొడుగు పెట్టుకున్న ఒక పెద్దాయన ఇసకలో పడుతూ లేస్తూ మావైపు రావడం కనిపించింది. నా పాట మీద ఫిర్యాదు చెయ్యడానికే వస్తున్నాడని మావ తేల్చేశాడు. (అంతకుముందోసారి బీచిరోడ్డు హోటల్లో దిగినవాళ్ళు నిద్ర చెడుతోందని మనిషిని పంపించారు.) ఆయన వచ్చి, ఆ గొంతు ఎవరిదని అడిగాడు. అప్పటిదాకా నన్ను ఆనుకుని నిలబడ్డవాళ్ళందరూ రెండడుగులు పక్కకి జరిగి వేళ్ళు నావైపు చూపించారు. ఆయన గొడుగు ఇసకలో గుచ్చి, నా భుజాల మీద రెండు చేతులూ వేసి, "బాబూ, ఒక మనిషి గొంతు నాకింత స్పష్టంగా వినబడి చాలా కాలమైంది" అన్నాడు. ఆ మాటని నేను మెచ్చుకోలు కింద జమ వేసుకున్నాను. ఎవరైనా అలాగే వేసుకుంటారు.

ఆయన వన్ టౌన్‌లో ఓ పాత చర్చిలో ఆర్గన్ వాయించే మాస్టారు. బడిలో సంగీతం చెప్పి రిటైరయ్యాడు. ఆయన ఉండే సందు ఎంత ఇరుకంటే, ఎదురెదురుగా రెండు ఆటోలు వస్తే ఏదో ఒకటి వెనక్కి పూర్ణా మార్కెట్టు దాకా పోవలసిందే. ఇంట్లో ఆయనా, ఆయన చెల్లెలూ ఉండేవారు. ఆవిడ ఆసుపత్రిలో నర్సుగా చేసింది కాబట్టి వీధంతా సిస్టరమ్మ అనేవారు. నేను వెళ్ళిన మొదటిరోజే ఆవిడ అల్లం టీ చేతికిచ్చి, దాపరికం లేకుండా సంగతంతా చెప్పింది. మాస్టారి చెవులు పోతున్నాయి. అట్టే కాలం లేదని డాక్టరు చెప్పేశాడు. ఇప్పటికే మామూలు మాటలు వినబడటం లేదు, పెదాలు చూసి పోల్చుకుంటున్నాడు. పూర్తిగా మూసుకుపోయేలోగా ఒక పాట ఉంది, అది మొదట్నుంచి చివరిదాకా ఎక్కడా తెగకుండా ఒక్కసారి వినాలని ఆయన కోరిక. ఈ క్రిస్మస్‌కి ఎలాగైనా వినాలి. వచ్చే క్రిస్మస్ సంగతి ఎవరూ చెప్పలేరు. "నీ గొంతు బాగుందని కాదు నాయనా, అన్నయ్యకి వినబడుతున్నది నీదొక్కటే" అని కూడా చెప్పింది. నాకు మొదటి సగం వినబడలేదు. ఆ వయసులో ఎవరి చెవుడు వాళ్ళకి ఉంటుంది.

ఇంతకీ ఆ పాట ఓ నల్లటి పెద్ద గ్రామఫోను రికార్డులో ఉంది. మాస్టారి నాన్నగారికి పోర్టుకి వచ్చిన ఓడలో నావికుడెవరో ఇచ్చి వెళ్ళాడట. పాడినాయన దేశాలు తిరిగిన ఒపేరా గాయకుడట. ఒపేరా అంటే మన పద్యనాటకం లాంటిదే అని మాస్టారు నాకు విప్పి చెప్పాడు. మైకు లేకుండా, హాల్లో చిట్టచివరి బెంచీవాడికి కూడా వినబడేలా పాడాలి. మగవాళ్ళ గొంతుల్లో పైస్థాయి గొంతుని టెనర్ అంటారు, ఆయనది అది. ఆయన కొన్నాళ్ళు నాటకాల పాటలు పక్కన పెట్టి, చర్చిల్లో వందల ఏళ్ళుగా పాడుకుంటున్న లాటిన్ భక్తి పాటలు పాడి ఇచ్చిన రికార్డు ఇది. అట్ట మీద ఆయన ఫోటో ఉంది. నల్లకోటు, గుబురు గడ్డం, మా పేటలో ఐస్ ఫ్యాక్టరీ యజమాని అంత మనిషి, నోరు బార్లా తెరుచుకుని ఉన్నాడు. నేను ఆ అట్ట బతిమాలి ఇంటికి తెచ్చి గర్వంగా మా అమ్మకి చూపిస్తే, ఆవిడ చాలాసేపు పరీక్షగా చూసి, "పాపం, ఈయనకి పన్ను పోటేటిరా?" అంది.

ఆ రికార్డులో మాస్టారు కోరుకున్న పాట ఒక్కటే ముక్క మీద నడుస్తుంది. ప్రభువా దయ చూపించు, అంతే. పాడే దొర ఆ ఒక్క మాటనే మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్తాడు. సరిగ్గా ఆఖరి మెట్టు ఎక్కబోయే చోట రికార్డు మీద గీత పడింది. అది మాస్టారి ఇంటికి వచ్చేటప్పటికే పడి ఉంది. అక్కడికి రాగానే దొర అన్నమాటే అంటూ నిలబడిపోతాడు. అప్పుడు మాస్టారు ఆ రికార్డు తిరిగే బల్ల మీద వేలి కణుపుతో టక్ మని కొట్టాలి. ముల్లు ఎగిరి అవతల పడితే దొర మళ్ళీ బయల్దేరతాడు, మధ్యలో ముక్క మాత్రం మాయమైపోతుంది. చర్చిలో ఏటా క్రిస్మస్ పొద్దున ఈ రికార్డే వేస్తారు. జనం ఆ టక్కుని కూడా ఆరాధనలో భాగమే అనుకుని, టక్ మనగానే అందరూ లేచి నిలబడటం అలవాటు చేసుకున్నారు. మాస్టారు ఎవరికీ ఏమీ చెప్పలేదు. మాయమైన ఆ ముక్కలో ఏముందో ఆయన స్వరాల కాగితంలో చదివాడు కానీ జన్మలో చెవితో వినలేదు. అక్కడ దొర ఆగితే, వెనకాల బృందమంతా కలిసి ఆయన మాటని అందుకోవాలట. అందుకోవడానికి ఇప్పుడు చర్చిలో బృందమే లేదు. ఒకప్పుడు పాడినవాళ్ళు కొందరు పోయారు, మిగిలినవాళ్ళు దువ్వాడ వైపు కొత్త ఇళ్ళు కట్టుకుని వెళ్ళిపోయారు. అందుకని బృందం సంగతి వదిలేసి, దొర పాడే భాగమైనా గీత లేకుండా నాచేత పాడించి క్యాసెట్ చేయించుకోవాలన్నది మాస్టారి ఆలోచన.

నాకు మాత్రం ఇందులో వింతేమీ కనబడలేదు. ఎత్తుకున్నవాడు ఆగుతాడు, ఇంకెవరో అందుకుంటారు, వాడు మళ్ళీ ఎత్తుకుంటాడు. మా వల దగ్గర రోజూ జరిగేదే. దొరకి హైలెస్సా అనేవాళ్ళు లేరు కాబట్టి పాపం బల్ల చప్పుడుతో సరిపెట్టుకుంటున్నాడని నాలో నేనే జాలిపడి, పాటని గీతతో సహా కంఠతా పట్టేశాను. మాస్టారు నేర్పే పద్ధతి విచిత్రంగా ఉండేది. నా నోటి ముందు కొవ్వొత్తి వెలిగించి పెట్టి, మంట కదలకుండా పాడమనేవాడు. మెల్లగా పాడితే ఆయనకి వినబడదు కదా, అందుకని నా పాట ఆయన దీపంలో చూసేవాడు. మొదటిరోజు నేను నోరు తెరవగానే దీపం ఆరిపోయి, కిటికీ తెర లేచి, పక్కింటి కుక్క మొరిగింది. సిస్టరమ్మ లోపల్నుంచి వచ్చి మంచినీళ్ళ గ్లాసు దూరంగా జరిపి వెళ్ళిపోయింది. పోను పోను మంట నిలబడటం నేర్చుకుంది. మాస్టారు దాన్ని చూసి మురిసిపోయేవాడు.

ఇక పేటలో నా వేషాలు చెప్పాలంటే సిగ్గేస్తుంది కానీ చెప్పక తప్పదు. విశాఖ ఉక్కలో మెడకి మఫ్లరు చుట్టాను. ఎండుచేపల ఇగురు వద్దు, కారం వద్దు, గొంతు పాడవుతుందన్నాను. మాట్లాడితే గొంతు అరిగిపోతుందని సైగలు మొదలుపెట్టాను. మూడు ఇళ్ళవతలికి వినబడే కొడుకు ఉన్నట్టుండి మూగ సైగలు చేస్తుంటే ఏ తల్లి ఊరుకుంటుంది? మా అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. ఆ మిరపకాయల పొగకి నేను ఊరంతా వినబడేలా తుమ్మితే, గొంతు బాగానే ఉందని అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

ఈ విద్య అక్కడితో ఆగినా బాగుండేది. ఒకరోజు వల దగ్గర నా టెనర్ బయటికి తీశాను. పులుసు పాట ఎత్తుకుని, దొర లాగా ఆఖరి అక్షరాన్ని పట్టుకుని, కొవ్వొత్తి ఆరనంత సన్నంగా, వణికిస్తూ సాగదీశాను. నేను ఆగితేనే కదా వాళ్ళు లాగాలి. నేను ఆగలేదు. ఇటు జట్టు తాడు పట్టుకుని ఊపిరి బిగబట్టి నావైపే చూస్తోంది. అటు జట్టుకి నా సన్నగొంతు అసలు అందనేలేదు. పాట అయిపోయిందనుకుని వాళ్ళు తాడు వదిలి బీడీలు వెలిగించారు. వల ఒకవైపుకి ఒరిగిపోయింది. ఆ సందులోంచి చేపలు తీరిగ్గా, ఎవరి తొందరా లేకుండా సముద్రంలోకి వెళ్ళిపోయాయి. మా పెద్దమావ తలపాగా విప్పి ఇసకలో కొట్టి నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. ఆయన నిజంగానే కంగారుపడి, "ఏటైందిరా, కడుపులో ఏటన్నా తిప్పుతందా?" అన్నాడు.

రికార్డింగు రోజు రానే వచ్చింది. పూర్ణా మార్కెట్టు వెనక ఒక మేడ మీద చిన్న గది అది. గోడలకి కొబ్బరిపీచు పరుపులు బిగించారు. కింద ఎండుమిర్చి గోడౌను. ఆ గది నడిపే ఆయన లోకంలో అందరినీ బావా అని పిలిచేవాడు కాబట్టి మేం ఆయన్ని రికార్డింగు బావ అనుకునేవాళ్ళం. మాస్టారిని కూడా బావా అన్నాడు. మాస్టారికి వినబడలేదు కాబట్టి గొడవ కాలేదు. నేను గొంతు సవరించుకోగానే రికార్డింగు బావ చెవులకి పెట్టుకున్నవి పీకేసి, నన్ను మైకుకి కాస్త దూరం జరగమన్నాడు. తరవాత మూలకి జరగమన్నాడు. ఆ తరవాత తలుపు తీసి మెట్ల మీద నిలబెట్టాడు. అక్కడ మిర్చి ఘాటుకి కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, నేను భక్తితో కరిగిపోతున్నానని మాస్టారు అనుకున్నాడు.

ఘాటు సంగతి ఎలాగో సర్దుకున్నాను, అసలు చిక్కు తరవాత వచ్చింది. మొదటి వరస పాడాను, ఆగాను. ఎవరైనా అందుకుంటారేమోనని అందరి వైపూ చూశాను. ఎందుకాపావని రికార్డింగు బావ అడిగితే, ఎవరూ అందుకోలేదు కదా అన్నాను. ఇక్కడ ఎవరూ అందుకోరు, నువ్వే పోనియ్ అన్నాడు. పోనిద్దామని చూశాను. నన్ను నమ్మండి, రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఏ పాటా నేను ఒంటరిగా పాడి ఎరగను. అవతల హైలెస్సా లేకపోతే రెండో వరస గొంతులోంచి లేవదు. మాస్టారి దగ్గర నేర్చుకున్నన్నాళ్ళూ ఆయన ప్రతి వరసకీ బల్ల మీద కొట్టేవాడు కాబట్టి ఈ సంగతి బయటపడలేదు. ఇక్కడ బల్ల కొడితే ఆ చప్పుడూ టేపులోకి ఎక్కుతుంది. చివరికి రికార్డింగు బావ ఉపాయం చెప్పాడు. ఒక్కో వరసా విడివిడిగా, మెల్లగా, కొవ్వొత్తి గొంతుతో పాడితే తను అతికిస్తానన్నాడు. అలాగే పాడాను. అలాగే అతికించాడు. విన్నాను, నున్నగా బాగానే ఉంది. నాది అనిపించలేదు కానీ బాగుంది.

అప్పుడు ఆ హెడ్‌ఫోన్లు మాస్టారి చెవులకి పెట్టారు. ఆయన కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కూర్చున్న వెంటనే తల ఊపడం మొదలుపెట్టాడు. "బాగుంది బాబూ, చాలా బాగుంది" అన్నాడు. రికార్డింగు బావ నావైపు చూశాడు. ఆయన వేలు ఇంకా బటన్ మీదే ఉంది, నొక్కనేలేదు. తరవాత నొక్కాక కూడా మాస్టారి తల అలాగే ఊగుతోంది. సిస్టరమ్మ కిటికీ వైపు తిరిగి మిర్చి బస్తాలు దింపుతున్న లారీని చూస్తూ నిలబడిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అది మాత్రం ఘాటుకి వచ్చింది కాదు. ఇంత కష్టపడి ఆ మనిషికి వినబడే ఒకే ఒక్క గొంతుని వినబడకుండా చేసుకున్నాం కదా అనిపించింది.

ఇంటికి పోయి మఫ్లరు విప్పి అవతల పారేసి, ఎండుచేపల ఇగురుతో కడుపునిండా తిని, మావ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. చర్చి పాటకి మీరంతా హైలెస్సా అనాలి అంటే మావ ఏమంటాడోనని లోపల బెరుకుగానే ఉంది. ఆయన చుట్ట ఆరిపోయేదాకా ఆలోచించి, ఆ పాటకి అర్థం ఏమిటని అడిగాడు. దయ చూపించమని దేవుణ్ణి అడగడమేనని చెప్పాను.

"వల ఏసినప్పుడు గంగమ్మ తల్లిని మనం అడిగీదీ అదేగదరా. అందుకుంటాం గానీ, ఉట్టినే నిలబడి హైలెస్సా అన్నమంటే మావోళ్ళకి నోరు రాదు. సేతిలో తాడుండాల. వల లాగుతన్నప్పుడే పాడు" అన్నాడు మావ.

అలా మా సంగీత కచేరీ ఇసక మీదకి వచ్చింది. రికార్డింగు బావ టేపు మిషనుకి ఉప్పుగాలి తగలకుండా తువ్వాలు చుట్టుకుని తెచ్చాడు. సిస్టరమ్మ దానికి గొడుగు పట్టింది. మాటలు తెలీకపోయినా ఫర్వాలేదు, వీడు ఆగిన చోట అందుకోండి అని మావ జట్టుకి చెప్పాడు. మాస్టారిని పక్కన కుర్చీలో కూర్చోబెడదామంటే ఆయన వినలేదు. బూట్లు విప్పి, పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, తాడు పట్టుకున్నవాళ్ళలో ఆఖరివాడుగా నిలబడ్డాడు. నేను కొవ్వొత్తిని మర్చిపోయి, మా అమ్మ ఇచ్చిన గొంతుతో ఎత్తుకున్నాను. ఒక వరస, ఒక హైలెస్సా, ఒక లాగు. ఆ లాటిన్ పాటకీ మా తాడుకీ ఎన్నాళ్ళ చుట్టరికమో తెలియదు కానీ చక్కగా సరిపోయాయి. పాట మెట్లెక్కి గీత పడ్డ చోటికి వచ్చింది. నేను ఆగాను. అలవాటు కొద్దీ బల్ల చప్పుడు కోసం మాస్టారి వైపు చూశాను. ఆయన చేతులు రెండూ తాడు మీదే ఉన్నాయి. రెండు వైపుల జట్లూ ఒక్కసారిగా అందుకున్నాయి. తాడు ఎంత బలంగా వెనక్కి వచ్చిందంటే, మాస్టారు దాంతోపాటు వెనక్కి వచ్చి ఇసకలో కూలబడి, తాడు వదలకుండా నవ్వుతూ ఉండిపోయాడు. వల నిండా వేలెడంత నెత్తళ్ళ చేపలు పడ్డాయి. పాట ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు. సిస్టరమ్మ గొడుగు తిరగేసి అందులో నెత్తళ్ళు పోయించుకుని, ఆటోలో ఇంటికి పట్టుకెళ్ళింది.

క్రిస్మస్ పొద్దున చర్చికి మమ్మల్నందర్నీ పిలిచారు. ఉతికిన చొక్కాలు వేసుకుని, గుడికి వెళ్ళినట్టే చెప్పులు గుమ్మం బయట వదిలి, వెనక బెంచీల్లో సర్దుకున్నాం. ఇది వల కాదు, టేపు పాడుతుంది, మీరు నోరు మూసుకుని కూర్చోవాలని మావ దారి పొడుగునా అందరికీ చెప్పాడు. ఎవడైనా నోరు తెరిస్తే కాళ్ళు విరగ్గొడతానన్నాడు. ముందు సముద్రం హోరు వినబడింది. చర్చిలో అందరూ కిటికీల వైపు చూశారు. తరవాత నా గొంతు వచ్చింది. నా మొహం కందగడ్డలా అయిపోయింది, అది సిగ్గో గర్వమో ఇప్పటికీ తెలీదు. ప్రతి వరసకీ టేపులో హైలెస్సా అంటుంటే, మా బెంచీలో ఒక్కొక్కడి మోకాలూ కదిలేది, మావ కళ్ళెర్రజేసేవాడు, మోకాలు ఆగేది. ముందు వరసలో మాస్టారు బల్ల పక్కన నిలబడి, సిస్టరమ్మ వేళ్ళ లెక్క చూసి పాట ఎక్కడికొచ్చిందో తెలుసుకుంటున్నాడు. గీత పడ్డ చోటు వచ్చింది. అక్కడ గీత లేదని తెలిసినా, ఇన్నేళ్ళ అలవాటు కదా, ఆయన చెయ్యి బల్ల మీదకి లేచింది. సరిగ్గా అప్పుడు వెనక బెంచీలోంచి ఓ హైలెస్సా పైకప్పు దాకా లేచింది. అన్నది ఎవరనుకున్నారు? మా పెద్దమావే. ఇక జట్టు ఆగుతుందా? అందరూ అందుకున్నారు. చర్చిలో జనం ఏటా టక్కుకి లేచినట్టే లేచి నిలబడ్డారు. మాస్టారి చెయ్యి కొట్టకుండా గాలిలోనే ఉండిపోయింది. ఆయన మెల్లగా వెనక్కి తిరిగి మావైపు చూశాడు. ఆ మొహం చెప్పడం నావల్ల కాదు. చిన్నపిల్లాడు తప్పిపోయి తల్లి కనబడినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియక ఒక మొహం పెడతాడు చూడండి, అది.

అంతా అయ్యాక మాస్టారు నా దగ్గరికి వచ్చి చేతులు పట్టుకుని, "ఆ దొర కన్నా నువ్వే బాగా పాడావు బాబూ" అన్నాడు. నేను నేల మీద లేను. చర్చి మెట్ల మీద, క్రిస్మస్‌కి నూనెలో వేయించే గులాబీ పువ్వుల పిండివంట పంచుతున్న సిస్టరమ్మ నా చేతిలో రెండు పెట్టి, నా వాలకం చూసి, మరీ పొంగిపోకు అంది. నా పాట మొదలైందని ఆయనకి తను మోచేత్తో పొడిచి చెబితేనే తెలిసిందట. ఈ నెలలో చెవులు మరీ తగ్గిపోయాయట. "కానీ మీవాళ్ళు అందుకున్నది వినబడిందిట నాయనా. బెంచీల్లోంచి, నేలలోంచి వచ్చిందన్నాడు. ఆ ముక్క ఒక్కటే కదా ఆయన ఇన్నాళ్ళూ విననిది" అంది. కాసేపు మనసు చివుక్కుమంది. ఇంత పాడింది నేనైతే, వినబడింది మా మావా? తరవాత మా జట్టంతా మెట్ల మీద కూర్చుని గులాబీ పువ్వులు కరకరలాడిస్తుంటే, వాళ్ళ మధ్య మాస్టారు కూర్చుని ఒక్కొక్కడి పెదాలూ చూస్తూ ఏదో మాట్లాడించడం చూశాను. నా బాధ కరిగిపోయింది. సంతోషమే మిగిలింది.

నేను ఒపేరా గాయకుణ్ణి కాలేదని వేరే చెప్పనక్కర్లేదు. అలివి వలలు తగ్గాయి, నేను ఇంజను బోట్ల మీదకి మారాను. ఇంజను పక్కన ఇన్నేళ్ళు నిలబడితే ఏమవుతుందో అదే అయింది. మాస్టారూ లేరు, మావా లేడు. ఆ టేపు మాత్రం సిస్టరమ్మ పోయే ముందు నాకు పంపించింది. మా అమ్మాయి దాన్ని ఎక్కడో ఇచ్చి ఫోనులోకి ఎక్కించి తెచ్చింది. మొన్న ఆదివారం నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఫోను నా చెవి పక్కన పెట్టి, ఎలా ఉందో వినమంది. నేను కళ్ళు మూసుకుని తల ఊపాను. ఆ సముద్రం, ఆ తాడు, మావ గొంతు, మాస్టారు ఇసకలో కూలబడి నవ్వడం, అంతా వచ్చేసింది. "బాగుందమ్మా, చాలా బాగుంది" అన్నాను.

మా అమ్మాయి నా చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది. "నాన్నా, నానింకా పాట ఎట్టనేదు."

ఏం చేస్తాను? నవ్వొచ్చింది. వేలి కణుపుతో బల్ల మీద టక్ మని కొట్టాను, ఇక పెట్టమ్మా అన్నట్టు.